పదకొండుసార్లు రాసుకున్న తప్పు

డైరీ రాసేవాళ్లంటే ఒకప్పుడు నాకు ఒళ్లుమంట. పనీపాటా లేనివాళ్ల యవ్వారం అనుకునేవాణ్ని. అలాంటి నేనే ఆరేళ్లు రాశాను. రాస్తున్నానని నలుగురిలో చెప్పుకుని గర్వపడ్డాను కూడా. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఫోన్లలోనే రోజూ మనసులో మాటలు రాసుకుంటున్నారని విన్నాను. మంచిదే, రాసుకోండి. ఆ గర్వం నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో మాత్రం ఒకసారి వినండి.

నేను కరెంటు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చివరి పదేళ్లు తాండూరు అవతల ఒక చిన్న సబ్‌స్టేషన్లో ఆపరేటర్ని. ఇల్లు వికారాబాద్‌లో. బీపీ వచ్చాక నాకు పగటి డ్యూటీలే వేశారు. పొద్దున రైల్లో పోవడం, సాయంత్రం రైల్లో రావడం. నాకు కోపం ఎక్కువ. ముక్కు మీదే ఉండేది. టీ చల్లారినా కోపమే, ఫోను రెండుసార్లు మోగినా కోపమే.

ఒకసారి మమ్మల్నందరినీ వికారాబాద్‌లో శిక్షణకు పిలిచారు. ఒక మేడం వచ్చి, రోజూ మూడు మాటలు రాసుకోమని చెప్పింది. ఈ రోజు ఏం మంచి చేశాను, ఎక్కడ తప్పాను, రేపు ఏం మార్చుకుంటాను. నేను ఊరుకుంటానా? లేచి నిలబడ్డాను.

"మేడం, మేం కరెంటోళ్లం. తప్పు జేస్తే రాసుకోనీకి మిగుల్తమా?"

గదంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు. "మిగిలిన రోజు రాయండి సార్" అని పాఠంలోకి వెళ్లిపోయింది.

నేను రాయడం మొదలుపెట్టింది ఆమె చెప్పినందుకు కాదు. ఆ నెలలోనే ఒకనాడు మా బిడ్డ స్నేహితురాళ్ల ముందు దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎందుకో ఇప్పుడు గుర్తు కూడా లేదు, అంత చిన్న సంగతి. వారం రోజులు అది నాతో మాట్లాడలేదు. ఆ వారంలో రైల్వే స్టేషన్ బయట కుట్టు బైండింగ్ ఉన్న ఒక లావుపాటి నోటుబుక్కు కొన్నాను. తాండూరులో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని రోజుకు మూడు నాలుగు వరుసలు రాసేవాణ్ని. నిజం చెప్పాలి, పనిచేసింది. కోపం ఎప్పుడొచ్చిందో, దేనికొచ్చిందో రాస్తూపోతే నా మీద నాకే నవ్వొచ్చేది. మూడు నెలలకు ఇంట్లో నా గొంతు తగ్గింది. "బుక్కు మంచిగనే పనిజేస్తున్నది, ఇంకో రెండు కొను" అంది మా ఆవిడ.

ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. కనపడ్డవాళ్లందరికీ చెప్పడమే పని. సబ్‌స్టేషన్లో అందరూ నన్ను డైరీ సార్ అనేవాళ్లు. వెక్కిరింతో మెప్పో నేను పట్టించుకోలేదు.

మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి ఆ లైన్లో కరెంటు బంద్ చేయించుకోవాలి. ఆపరేటర్ బంద్ చేసి, పై సారును అడిగి, ఒక నంబరు ఇచ్చి, రిజిస్టర్లో రాయాలి. దాన్ని మేం ఎల్‌సీ అంటాం. పని అయ్యాక తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలి. ఒక లైన్ మీద ఎన్ని ఎల్‌సీలు పోయాయో అన్నీ తిరిగొచ్చాకే కరెంటు వదలాలి. రాసింది చూసి వదలాలి, గుర్తున్నది చూసి కాదు. చెప్పుకోవడానికి ఇంత సులువు.

కానీ మా దగ్గర ఒక అలవాటుండేది. ఒకాయన ఎల్‌సీ తీసుకుని లైన్ బంద్ అయ్యిందంటే, అదే లైన్ మీద చిన్న పనులున్న మిగతావాళ్లు వచ్చి, "అన్నా, ఎట్లనో బందే ఉన్నది గద, నేను గూడ జెర చూస్కొస్త" అనేవాళ్లు. రెండో ఎల్‌సీ రాయాలంటే మళ్లీ పై సారుకు ఫోను, ఆయన ఎత్తడం, అడగడం, అరగంట పట్టేది. అందుకని నోటిమాట మీద పంపేవాళ్లం. పంపడం తప్పని అందరికీ తెలుసు. నాకైతే మరీ బాగా తెలుసు.

అలా నోటిమాట మీద ఎక్కేవాళ్లలో దోమాయన ఒకడు. దోమ మండలం నుంచి వచ్చినవాడు కాబట్టి ఆ పేరు. మాలో చాలామందికి ఊళ్ల పేర్లే. తరాలుగా పొలాల్లో కూలి చేసిన ఇంట్లో పుట్టి, కాంట్రాక్టు మీద స్తంభాలు మోసి మోసి లైన్‌మన్ అయ్యాడు. ఆదివారం పొద్దున చర్చికి పోయొచ్చాకే స్తంభం ఎక్కేవాడు. పైన పని చేస్తూ పాడుకునేవాడు. గొంతు బాగుండేది. పదేళ్లుగా నన్ను అన్నా అనే పిలిచేవాడు. మా ఇంట్లో మీటరు కాలిపోతే సెలవు రోజు వికారాబాద్ వచ్చి బిగించి, అన్నం తినిపోయిన మనిషి.

తొలకరి గాలివానలు మొదలైన రోజులవి. ఆ రోజు పది గంటలకు బంట్వారం వైపు చూసే లైన్‌మన్ ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నాడు. రాశాను, బంద్ చేశాను. కాసేపటికి దోమాయన బండి మీద వచ్చాడు.

"అన్నా, గా లైన్ బందే ఉన్నది గద. కంది చేన్ల పోలు మీద పింగాణి పలిగింది. గిప్పుడు మార్చకుంటె పొద్దుమూకినంక మళ్ల పరేషాన్. పావుగంటల వస్త."

నేను లాగ్‌షీట్లో రీడింగులు ఎక్కిస్తున్నాను. తల ఎత్తలేదు. "పో, జల్ది రా" అన్నాను.

అంతే. రెండు మాటలు. ఆయన వెళ్లాడు, నేను మళ్లీ రీడింగుల్లో పడ్డాను. ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. బండలు పాలిష్ పట్టే యూనిట్లవాళ్లు ఒకరి తర్వాత ఒకరు. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడింట్లో తిట్లు తిన్నాను. పై సారు ఒకసారి, ఆయన పై సారు ఒకసారి. "ఎంతసేపయ్యా?" అందరిదీ ఒకటే ప్రశ్న. పదకొండు దాటాక బంట్వారం వైపు లైన్‌మన్ ఫోన్ చేశాడు. "అయిపోయింది సార్, ఎల్‌సీ వాపస్." నంబరు సరిచూశాను. రిజిస్టర్లో పోయింది ఒకటి, వచ్చింది ఒకటి. లెక్క సరిపోయింది. స్విచ్ తిప్పాను.

లైన్ రెండు మూడు క్షణాలు కూడా నిలవలేదు. బ్రేకర్ దఢాలున పడిపోయి కరెంటు ఆగిపోయింది.

గాలికి కొమ్మ తగిలితేనో, పిట్ట వాలితేనో అలా పడిపోతుంది. కొంచెం ఆగి రెండోసారి వేసి చూస్తాం, చాలాసార్లు నిలబడుతుంది. నేనూ ఆగాను. మళ్లీ చెయ్యి స్విచ్ మీద పెట్టాను. ఇక తిప్పడమే తరువాయి, ఫోను మోగింది. చిరాకేసింది. ఇంకో పాలిష్ యూనిట్ అనుకున్నాను. ఎత్తకుండా ముందు లైన్ వేద్దామా అని కూడా అనుకున్నాను. ఎందుకు ఎత్తానో నాకిప్పటికీ తెలియదు.

"సారూ, కరెంట్ ఇయ్యకున్రి! కరెంట్ ఇయ్యకున్రి! మనిషి మీదున్నడు, బెల్టుకు ఏలాడుతున్నడు సారూ!"

ఎవరో కంది రైతు. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పుడు గుర్తొచ్చాడు దోమాయన. స్విచ్ మీంచి చెయ్యి తీయడానికి రెండో చేత్తో పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఆరేళ్లు నన్ను నేను దిద్దుకుంటూ వచ్చినవాణ్ని గదా! ఆ రోజు నన్ను ఆపింది ఆ దిద్దుబాటు కాదు, ముక్కూమొహం తెలియని ఒక రైతు ఫోను.

దోమాయన బతికాడు. హైదరాబాద్ తీసుకుపోయారు. కుడిచెయ్యి మోచేతి కింద తీసేశారు.

ఆ సాయంత్రమే పై సారు సబ్‌స్టేషన్‌కు వచ్చి తెల్లకాగితం ముందు పెట్టాడు. "ఏం జరిగిందో రాసివ్వు." నేను రాసిచ్చాను. 'నా వద్ద ఒక్క ఎల్‌సీ మాత్రమే ఉంది. లైన్‌పై మరొకరు ఉన్న సంగతి నాకు తెలియదు.' కింద సంతకం. అక్కణ్నుంచి స్టేషన్‌కు వచ్చి రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, అదే పెన్నుతో నోటుబుక్కులో రాశాను. 'దోమాయన నాకు చెప్పే ఎక్కాడు. పొమ్మన్నాను. రిజిస్టర్లో ఎక్కించలేదు, మరిచిపోయాను. సారుకు రాసిచ్చింది అబద్ధం.'

రాశాక గుండె తేలికపడింది. ధారూరు దాటేసరికి కునుకు పట్టింది. చేసిన తప్పుకన్నా, రాసిచ్చిన అబద్ధంకన్నా, ఆ కునుకు తలచుకుంటేనే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గు.

మూడు వారాల తర్వాత విచారణ అన్నారు. ఈలోగా దోమాయన ఆసుపత్రి మంచం మీంచే, నాకు చెప్పే ఎక్కానని పై సార్లకు చెప్పాడు. కానీ అది నోటిమాట. నాది కాగితం. ఎల్‌సీ లేకుండా ఎక్కినందుకు తప్పు పూర్తిగా అతనిదే అని తేల్చి, ఉద్యోగంలోంచి తీసేస్తారని ఆఫీసులో చెప్పుకుంటున్నారు.

ఒక సాయంత్రం తాండూరు ప్లాట్‌ఫాం మీద అతని భార్య నాకోసం నిలబడి ఉంది. దూరం నుంచే గుర్తుపట్టాను. ఇంకో పెట్టె ఎక్కుదామని అడుగు పక్కకు వేశాను కూడా. ఆమె ఎదురొచ్చింది.

"అన్నా, ఆయన నీకు జెప్పే ఎక్కిండంట గద. తప్పంత ఆయన మీదనే రాస్తున్నరు. చెయ్యి పోయింది, ఇగ నౌకరి గూడ పోతదంట. నువ్వు ఒక్కమాట జెప్పన్నా."

"రిజిస్టర్ల లేదు చెల్లె" అన్నాను.

"రిజిస్టర్ల లేకుంటె లేదు. నీ మనసుల గూడ లేదా?"

నేను రైలు వచ్చే వైపు చూశాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఆయన నిన్ను ఒక్కమాట అంటలేడు. అన్న మర్షిపోయుంటడు, యాదికొస్తె తనే జెప్తడు అంటున్నడు" అంది. రైలు కదులుతుంటే ఎక్కాను. ఆ రోజు పుస్తకం సంచిలోంచి తీయలేదు.

నాతో డ్యూటీ మార్చుకునే ఆపరేటర్ నవాబుపేటాయన. నా వయసువాడే, నా మంచి కోరేవాడే. ఆయనకు ఒక్కడికే నోటుబుక్కులో ఏం రాశానో చెప్పాను. నెత్తి కొట్టుకున్నాడు.

"నీకేమన్న తిక్కనా? నాల్గు నెల్లల్ల రిటైర్ అయితున్నవ్. గిప్పుడు సస్పెండ్ అయితె పింఛను లటుక్కున ఆగుతది. గా పేజి చింపెయ్, పొయ్యిల పెట్టు. ఎవనికి ఎర్క? పెద్ద హరిశ్చంద్రుని లెక్క జేయకు."

ఆయన అన్నది నాకు నచ్చింది. నచ్చలేదంటే ఇది కూడా అబద్ధమే అవుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పేజీ చింపాను. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. చాయ్ పెట్టుకుంటూ స్టవ్ మీదే కాల్చేద్దామనుకుని లేచాను.

కుట్టు బైండింగ్ నోటుబుక్కులో ఒక కాగితం చింపితే అవతలి పక్క దాని జంట కాగితం వదులవుతుందని మీకు తెలిసే ఉంటుంది. నాకు ఆ ఆలోచనే రాలేదు. పుస్తకం ఎత్తగానే ఆ జంట కాగితం జారి కింద పడింది. తీసి చదివాను. కొన్ని నెలల కిందటి రాత. 'ఈ రోజు దోమాయనను నోటిమాట మీద లైన్ మీదికి పంపాను. తప్పు. రేపటినుంచి రాయకుండా ఎవర్నీ పంపను.'

నిలబడ్డవాణ్ని నిలబడ్డచోటే కూర్చున్నాను. ఆరేళ్లలో ఒక్కరోజు కూడా నేను వెనక్కి తిప్పి చదవలేదు. రాయడం, మూయడం, సంచిలో పెట్టడం. ఆ మధ్యాహ్నం మొదటి పేజీ నుంచి చదివాను. కోపం గురించి రాసినవన్నీ మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చాయి. నోటిమాట గురించి రాసింది మాత్రం తగ్గలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టాను. చింపిన పేజీ కాక పదకొండు చోట్ల. దాదాపు అవే మాటలు. అన్నింట్లోనూ 'రేపటినుంచి'. మారింది చేతిరాత ఒక్కటే, కొంచెం గుండ్రంగా తయారైంది.

ఎందుకలా అని ఆ రోజు మొదటిసారి ఆలోచించాను. కోపం గురించి రాసినరోజు ఇంటికి రాగానే మా ఆవిడతో చెప్పేవాణ్ని. మర్నాడు గొంతు లేస్తే ఆమె కళ్లెర్రజేసేది. బిడ్డ "నాయినా, బుక్కు!" అని గుర్తుచేసేది. ఎల్‌సీ సంగతి ఎవరికి చెప్పాను? పై సారుకు చెప్పానా? దోమాయనను కూర్చోబెట్టి, ఇకమీదట రాయకుండా పంపనురా అని చెప్పానా? తప్పని రాసుకుంటే చాలు, ఆ తప్పు కడిగేసుకున్నట్టే ఉండేది నాకు. మర్నాడు హాయిగా మళ్లీ చేసేవాణ్ని. ఎంత దొంగ మనిషినో చూడండి.

ఒక్క పేజీ అయితే కాల్చేవాణ్నేమో. పదకొండు కాల్చాలంటే పుస్తకమే మిగలదు. స్టవ్ వెలిగించలేదు. సాయంత్రం మా ఆవిడ రాగానే మొత్తం చెప్పాను. ఆమె, "ఆయన మనింట్ల అన్నం తిన్నడు" అని లేచి లోపలికి పోయింది.

విచారణ వికారాబాద్‌లోని ఆఫీసులో. వేరే జిల్లా నుంచి వచ్చిన అధికారి, మెల్లగా మాట్లాడే మనిషి. బల్ల మీద రిజిస్టరు, నేను రాసిచ్చిన కాగితం. ఎదురుగా దోమాయన, పక్కన అతని భార్య. చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. నేను తల దించుకున్నాను.

"మీరు ఇచ్చిన వాంగ్మూలం ఇదే కదా? మార్చేది ఏమైనా ఉందా?" అని అధికారి అడిగాడు.

వెనక కుర్చీలో నవాబుపేటాయన దగ్గాడు. ఆ దగ్గు అర్థం నాకు తెలుసు. లేదు సార్ అంటే ఐదు నిమిషాల్లో బయటపడతాను. నాలుగు నెలలు కళ్లు మూసుకుంటే పూలదండ, శాలువా. సంచిలో చెయ్యి పెట్టాను, పుస్తకం తగిలింది, మళ్లీ చెయ్యి తీసేశాను. అధికారి పెన్ను మూత తీసి పట్టుకుని నావైపే చూస్తున్నాడు. దోమాయన భార్య కూడా చూస్తోంది.

"ఉన్నది సార్" అన్నాను. పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. చింపిన పేజీ మడతలు విప్పి దాని మీద పెట్టాను.

అధికారి రెండు పేజీలు చూసి, "ఇది మీ సొంత డైరీ. ఇవ్వమని మేం అడగలేదు. ఒకసారి తీసుకుంటే తిరిగివ్వడం కుదరదు, దీనివల్ల మీకేం జరుగుతుందో తెలుసుగా?" అన్నాడు.

"తెల్సు సార్."

"అయితే మీరే చదవండి, రాసుకుంటాం."

చదివాను. చింపిన పేజీ ముందు, తర్వాత వరుసగా పదకొండు. నా రాత నా నోటితో వినడం అంత కష్టమని నాకు తెలియదు. ఐదో దాని దగ్గర ఆగాను. ఎవరో నీళ్లిచ్చారు, తాగి మళ్లీ చదివాను. అయ్యాక నవాబుపేటాయన కూడా దగ్గలేదు.

దోమాయన నావైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు, అర్థం కాకపోవడం ఉంది.

"నువ్వు మర్షిపోయినవ్ అనుకున్ననన్నా. నాకు గదే ఇన్నిదినాలు ధైర్నం. మర్షిపోవుడు ఎవలకైనా ఉంటది. పదకొండుసార్లు తప్పని తెల్సినంక గూడ నన్ను పొమ్మన్నవా?"

అధికారి కూడా రాయడం ఆపి నేనేమంటానో అని చూశాడు. "పొమ్మన్న" అన్నాను.

విచారణలో తప్పు ఇద్దరిదీ అని తేలింది, ఎక్కువ నాది. దోమాయనను ఉద్యోగంలోంచి తీయలేదు, తాండూరు ఆఫీసులో కూర్చుని చేసే పని ఇచ్చారు. నన్ను సస్పెండ్ చేశారు. రిటైరయ్యే రోజు కూడా సస్పెన్షన్‌లోనే ఉన్నాను. శాలువా, పూలదండ లేవు. పింఛను చాలాకాలం తేలలేదు, చివరికి కొంత కోసి ఇచ్చారు. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. ఇప్పుడూ కొత్త పుస్తకంలో రాస్తున్నాను. రాసింది మర్నాడు పొద్దున చదువుతున్నాను, దాంట్లో ఎవరి సంగతి ఉంటే వాళ్ల దగ్గరికి పోయి చెప్తున్నాను. మీకు నేను చెప్పగలిగింది కూడా ఇంతే. వినేవాడు ఒకడు లేకుండా రాసుకునే తప్పులు జాగ్రత్త.

కిందటేడు పింఛను కాగితం ఒకటి ఇవ్వడానికి తాండూరు ఆఫీసుకు పోయాను. వచ్చిన కాగితాలు తీసుకునే బల్ల దగ్గర దోమాయన కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఎడమచేత్తో రాస్తున్నాడు, నిదానంగా. ఏం మాట్లాడాలో దారంతా తయారుచేసుకుని వచ్చాను. బిడ్డ పెళ్లి కుదిరిందని చెబుదామని, ఇంటికి రమ్మని పిలుద్దామని. నన్ను చూశాడు. లేచి కుర్చీ చూపించాడు. కాగితం తీసుకుని, ముద్ర వేసి, రసీదు నావైపు జరిపాడు.

"కూసోన్రి సార్" అన్నాడు. "ఇక్కడ సంతకం పెట్టున్రి సార్."